కోర్టు వరండాలో పులిహోర

షెరీఫ్ ఆఫీసులో ఉద్యోగం అంటే సిడ్నీ శివారు టూంగాబీలో ఉండే మా చుట్టాలందరికీ నవ్వులాట. గుర్రం ఇచ్చారా, తుపాకీ ఇచ్చారా అని అడుగుతారు. ఈ దేశంలో షెరీఫ్ ఆఫీసు వాళ్ళు కోర్టుకు కాపలా ఉంటారు, కోర్టు ఆదేశాలు అమలు చేస్తారు, నేరం రుజువైందో లేదో తేల్చే జ్యూరీలో కూర్చోవడానికి ఊళ్ళో జనాన్ని పిలిపిస్తారు. నేను యూనిఫాం వేసుకునే మనిషిని కూడా కాదు. ముందు గదిలో అద్దం వెనక కూర్చుని ఫోన్లు ఎత్తే గుమాస్తాని. "జ్యూరీకి రమ్మని పిలుపొచ్చింది, గొర్రెల ఉన్ని కత్తిరించే రోజులు, ఎలా రమ్మంటారు?" అని రైతులు కోప్పడుతుంటే, మినహాయింపు ఎలా అడగాలో చెప్పడం నా పని. ఫోనంటే నాకు భయం. ఎవరికైనా నేను ఫోన్ చేయాల్సి వస్తే మొదటి వాక్యం చిత్తుకాగితం మీద రాసుకుని, రెండుసార్లు లోపల చదువుకుని, అప్పుడు నంబరు నొక్కుతాను.

నేను పనిచేసే ఊరు సిడ్నీ నుంచి సగం రోజు ప్రయాణం. గోధుమ చేలు, గొర్రెలు, ఒక పొడవాటి వీధి, ఆ వీధి చివర ఎర్ర ఇటుకల కోర్టు. పర్మనెంట్ ఉద్యోగం అక్కడ దొరికింది కనుక వెళ్ళాను. ఊళ్ళో తెలుగువాళ్ళది ఒకటే ఇల్లు. వరంగల్ వైపు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ డాక్టరు గారూ, ఆయన భార్యా. వాళ్ళింటి వెనక గదిలో నేను అద్దెకుండేదాన్ని. అద్దె అని పేరే కానీ రాత్రి భోజనం వాళ్ళతోనే. అంకుల్ సగం ఊరికి టీకాలు వేసిన మనిషి. ఆంటీ ఆ ఊరి మొత్తంతో మాట్లాడే మనిషి. పాల సీసా కోసం సూపర్‌మార్కెట్‌కు వెళ్తే గంట తర్వాత ముగ్గురి కాపురాల సంగతులతో తిరిగొచ్చేది. నోరు విప్పడానికి తడబడే నాకు ఆవిడ పక్కన ఉండటం హాయిగా ఉండేది. నా వంతు కూడా ఆవిడే మాట్లాడేసేది.

ఆ చలికాలం సిడ్నీ నుంచి జడ్జి వచ్చి మా ఊళ్ళో విచారణలు జరిపే వారాల్లో, జ్యూరీకి ఎంపికైన పన్నెండు మందిలో ఆంటీ ఒకరు.

తెలియగానే మా సార్జెంట్ దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఇంట్లోనే నేను ఉంటున్నానని చెప్పాను. సార్జెంట్ రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ పెద్ద మనిషి. కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"ఈ ఊళ్ళో ఒకళ్ళకొకళ్ళు తెలియని పన్నెండు మందిని తెమ్మంటే గొర్రెల్ని తోలుకొచ్చి కూర్చోబెట్టాలమ్మాయ్. ముద్దాయి వాళ్ళూ, దెబ్బ తగిలిన పిల్ల వాళ్ళూ ఆవిడకు తెలుసా?"

"ముఖపరిచయం తప్ప తెలియదని జడ్జి గారికి చెప్పింది."

"సరే మరి. నువ్వు జ్యూరీ గది ఛాయలకు పోకు. ఇంట్లో కేసు ఊసెత్తకండి. ఆవిడ ఎత్తినా నువ్వు లేచి వెళ్ళిపో."

కేసు చిన్నదే. ఒక రాత్రి పొలాల మధ్య రోడ్డు మీద వెనక తొట్టి ఉన్న బండి ఒకటి చెట్టుకు గుద్దుకుంది. అందులో ఒక కుర్రాడూ, ఒక అమ్మాయీ. అమ్మాయి కాలు నలిగిపోయింది. బండి నడిపింది అతనే అని ఆ అమ్మాయి అంటుంది. ఆమే నడిపిందని అతను అంటాడు. చూసినవాళ్ళు లేరు. అంటే కేసంతా ఆ అమ్మాయి మాట మీదే నిలబడి ఉంది.

ఆమె సాక్ష్యం ఒకటిన్నర రోజు నడిచింది. విరామాల్లో మా ఆఫీసు పక్క చిన్న గదిలో కూర్చునేది. నీళ్ళ సీసా నేనే ఇచ్చేదాన్ని. నా వయసే ఉంటుంది, కాస్త చిన్నదేమో. సీసా మీది కాగితాన్ని గోటితో పీకి సన్నటి పోగులు చేసి ఒళ్ళో పోసుకునేది. ముద్దాయి తరఫు లాయరు అదే ప్రశ్నను ఎన్ని రకాలుగా అడిగాడో గోడ ఇవతలికి కూడా వినిపించేది. స్టీరింగ్ నీ చేతుల్లోనే ఉంది కదా. తాగి ఉన్నావు కనుక గుర్తులేదు కదా. కాలు నలిగినందుకు ఎవరో ఒకరి మీద నెట్టాలి కదా. మంగళవారం సాయంత్రం బయటికి వచ్చినప్పుడు ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి.

"అయిపోయిందా?" అని నన్నే అడిగింది. "మళ్ళీ అందులో కూర్చోవాల్సిన పని లేదు కదా? ఇంకోసారి నా వల్ల కాదు. నిజంగా కాదు. ఇంకోసారి అంటే కేసే వద్దంటాను."

వెనక నుంచి సార్జెంట్ అన్నాడు, "నీ పని అయిపోయింది తల్లీ. ఇంటికెళ్ళి నిద్రపో."

కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళింది. 

ఇంట్లో ఆ వారం వింతగా గడిచింది. ఆంటీ పళ్ళెంలో కూర వడ్డిస్తూ ఏదో చెప్పబోయి, నన్ను చూసి, పెదవులు బిగించేది. టీవీలో వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. నేను కూడా డైరీలో ఆ రోజుల్లో చలి గురించీ, మంచు పట్టిన కార్ల అద్దాల గురించీ తప్ప ఏమీ రాయలేదు. రాస్తే కూడా తప్పేమో అనిపించేది.

"ముప్పై ఏండ్లల్ల మా ఇంట్ల ఇంత శాంతి ఎప్పుడు లేదు," అనేవారు అంకుల్. "ఈ కేసు ఏడాది నడిస్తె మంచిగుండు."

"నీకు నవ్వులాటనే ఉంటది," అనేది ఆంటీ. "నోరు కట్టేసుకున్నోళ్ళ బాధ నీకేమెరుక?"

ముద్దాయి తల్లి రోజూ కోర్టుకు వచ్చేది. కోర్టులో కొడుకు వెనక బెంచీలో ఒక్కతే కూర్చునేది. ఎండకు కమిలిన ముఖం, ఎప్పుడూ అదే నీలం స్వెట్టరు. మధ్యాహ్న విరామంలో కొడుకు లాయరుతో గదిలోకి వెళ్ళిపోతే, ఆమె బయట వరండాలో చెక్క బెంచీ మీద కూర్చుని రోడ్డు వైపు చూసేది. ఎదుటి కేఫ్‌లో ఊరంతా ఉండేది. ఆ అమ్మాయి కుటుంబం అంటే ఊరికి ఇష్టం. అందుకే కాబోలు ఈమె అక్కడికి వెళ్ళేది కాదు. ఏమీ తినేది కాదు. నా కిటికీలోంచి ఆ బెంచీ కనిపిస్తుంది.

జ్యూరీ వాళ్ళు మధ్యాహ్నం కావాలంటే బయటికి వెళ్ళి తిని రావచ్చు. కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు, కేసుకు సంబంధించిన వాళ్ళతో అసలు కలవకూడదు అని జడ్జి మొదటి రోజే గట్టిగా చెప్తారు. ఆంటీ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుని వరండా అవతలి కొసన ఎండలో కూర్చుని తినేది. నేను కిటికీ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేదాన్ని.

బుధవారం చూశాను. ఆంటీ డబ్బా మూత తీసింది. ఒక ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. బెంచీ మీదున్న ఆమె వైపు చూసింది. మళ్ళీ చెంచా ఎత్తింది. మళ్ళీ దింపింది. అప్పుడే నాకు అర్థమైపోయింది, అది నాకు తెలిసిన చూపు. ఆకలితో ఉన్న మనిషి ఎదురుగా ఉంటే ఆంటీకి ముద్ద దిగదు. ఇంటికి గ్యాస్ బాగుచేయడానికి వచ్చిన మనిషిని కూడా కంచం ముందు కూర్చోబెడుతుంది. అద్దం మీద కొట్టి ఆపాలనిపించింది. చెయ్యి లేవలేదు.

డబ్బా మూతలో సగం పులిహోర తీసి, చెంచా గుచ్చి, వరండా పొడవునా నడిచి వెళ్ళి ఆ తల్లి పక్కన బెంచీ మీద పెట్టింది. ఏదో అంది. కిటికీ పైన కాస్త తెరిచి ఉంది కనుక నాకు వినిపించింది.

"ఈట్ సంథింగ్, లవ్. యూ కాంట్ సిట్ లైక్ దట్ ఆల్ డే."

ఆ ఊళ్ళో లవ్ అంటే అమ్మా అన్నట్టే. ఆమె తలెత్తి చూసింది. థాంక్యూ అని నోరు కదిలింది. ఆంటీ అప్పటికే వెనక్కి తిరిగింది. తన చోటుకు వెళ్ళి, మిగిలిన సగం చేత్తో ప్రశాంతంగా తింది.

చుట్టూ చూశాను. వరండాలో ఇంకెవరూ లేరు. రోడ్డు అవతల కేఫ్ కిటికీ మీద ఎండ పడుతోంది, లోపల ఎవరున్నారో కనిపించడం లేదు. చూసి ఉంటారా? చూసి ఉంటే ఎప్పుడు చెప్తారు? ఈ రోజు చెప్తారా, తీర్పు వచ్చాక, నచ్చని తీర్పు వచ్చాక చెప్తారా? తీర్పు వచ్చాక బయటపడితే విచారణ మొత్తం రద్దవుతుంది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ ఆ అమ్మాయి, ఆ బోను, స్టీరింగ్ నీ చేతుల్లోనే ఉంది కదా. ఇప్పుడు నేనే చెప్తే? ఇప్పుడే రద్దవుతుందేమో. చెప్పినా అదే, చెప్పకపోయినా అదే. చెప్పకపోతే మాత్రం ఎప్పుడు బయటపడుతుందో ఎవరికీ తెలియదు.

ఆంటీ దగ్గరికి వెళ్ళి అడగవచ్చని తోచలేదా అంటే తోచింది. కానీ విచారణ నడుస్తుండగా జ్యూరీ మనిషితో దాని గురించి మాట్లాడితే అది ఇంకో తప్పు. అలా అనుకున్నాను. నిజానికి ఆవిడ ముఖం చూసి ఆ మాట అనే ధైర్యం కూడా నాకు లేదు. రెండు కారణాల్లో ఏది ముందొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

జ్యూరీ లోపలికి వెళ్ళే వేళ దగ్గర పడుతోంది. సార్జెంట్ తన గదిలో మాంసం కూరిన పేస్ట్రీ తింటున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏంటి?"

పులిహోర అన్నాను. తర్వాత అన్నం అన్నాను. తర్వాత, "మా ఆంటీ ముద్దాయి వాళ్ళమ్మకు అన్నం పెట్టింది," అన్నాను.

అతను పేస్ట్రీ కింద పెట్టాడు. మీసం మీద సాస్ అంటుకుని ఉంది.

"మాట్లాడిందా?"

"తినమని అంది. అంతే."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"దేవుడా," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడే కూర్చో. ఎవరితో మాట్లాడకు. ఫోన్ ఎత్తకు."

ఆ తర్వాత పనులు వాటంతటవే జరిగినట్టు జరిగాయి. జ్యూరీని గదిలోనే ఉంచారు. జడ్జి లాయర్లను పిలిపించింది. నన్ను కూడా పిలిచారు. రెండేళ్ళుగా ఆ కోర్టులో పనిచేస్తున్నాను కానీ సాక్షి బోనులో ఎన్నడూ నిలబడలేదు. అక్కడి నుంచి గది చాలా పెద్దదిగా కనిపిస్తుంది. కింద ముద్దాయి, అతని వెనక బెంచీలో అతని తల్లి. ఆమె చేతిలో ఖాళీ డబ్బా మూత ఉంది. ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియక పట్టుకుని ఉంది.

జడ్జి గొంతు మెత్తగానే ఉంది. "మీరు చూసింది చెప్పండి. ఊహించింది వద్దు."

చెప్పాను. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే మైకు దగ్గరికి జరపమన్నారు. ఆంటీ అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పమన్నారు. ఈట్ సంథింగ్, లవ్. నిండు కోర్టులో ఆ మాట నా నోట ఎంత దిక్కులేనిదిగా వినిపించిందో! ఆ తల్లి తల వంచుకుంది.

తర్వాత ఆంటీని ఒక్కదాన్నే పిలిచారు. నన్ను కిందికి దిగి పక్కన కూర్చోమన్నారు. ఆంటీ వచ్చి, ఖాళీగా ఉన్న పన్నెండు కుర్చీల మధ్య తన కుర్చీలో కూర్చుంది. నన్ను చూసింది. చూసిన వెంటనే అర్థం చేసుకుంది. కోప్పడలేదు. నా వైపు నుంచి చూపు తీసి జడ్జి వైపు పెట్టి, మళ్ళీ తిప్పలేదు.

ఎందుకు ఇచ్చారని జడ్జి అడిగింది.

"ఆమె తినడం లేదు యువర్ ఆనర్. ఎదురుగా కూర్చుని నేనెలా తింటాను? ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఆకలితో ఉన్నా పెట్టేదాన్నే. కానీ వాళ్ళు కేఫ్‌కు వెళ్తున్నారు." ఆగి, "కేసు మాట ఒక్కటీ మాట్లాడలేదు," అంది.

ఆంటీని జ్యూరీ నుంచి తీసేస్తున్నట్టు జడ్జి చెప్పింది. ధన్యవాదాలు కూడా చెప్పింది. ఆంటీ చేతిసంచి తీసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. విచారణ సంగతి ఏమవుతుందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అసలు ప్రశ్న అప్పుడు మొదలైంది. ముద్దాయి లాయరు లేచి, జ్యూరీ మొత్తాన్నీ రద్దు చేసి మళ్ళీ మొదటి నుంచి జరపాలన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి తక్కినవాళ్ళకు చెప్పి ఉంటే, అందరి మనసుల్లోనూ ఆ తల్లి మీద జాలో, విసుగో ఏదో ఒకటి పుట్టి ఉంటుందన్నాడు. రెండో వైపు లాయరు, చెప్పి ఉండకపోతే పదకొండు మందితో కొనసాగించవచ్చన్నాడు. జడ్జి కాసేపు ఆలోచించి, ఆంటీ వాళ్ళతో ముద్దాయి కుటుంబం గురించి ఏమైనా అన్నదేమో తక్కిన పదకొండు మందినీ అడిగి, జవాబు రాసి ఇమ్మని పంపింది.

నేను నా కుర్చీలోకి వచ్చి పడ్డాను. ఆంటీ సంగతి నాకు తెలుసు. ఉదయం పక్కింటి కుక్క కుంటుతుంటే సాయంత్రానికి వీధంతా చెప్పే మనిషి. బెంచీ నుంచి జ్యూరీ గదికి నడిచే ఆ కాస్త దూరంలోనే ఎవరికో ఒకరికి చెప్పి ఉంటుంది. పాపం ఆమె ఏం తినట్లేదు, కాస్త పెట్టి వచ్చాను అని. ఆ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

ఈలోగా వీధి తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి. అవసరమైతే అందుబాటులో ఉండమని ఎవరో ఫోన్ చేశారట. కర్ర గోడకు ఆనించి నా అద్దం ముందు కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది?" అంది.

"జ్యూరీ విషయం ఏదో చూస్తున్నారు," అన్నాను. అంతవరకే చెప్పమన్నాడు సార్జెంట్.

"నన్ను మళ్ళీ పిలుస్తారా?"

"తెలియదు."

"పిలిచేలా ఉందా?"

"నిజంగా తెలియదండీ. క్షమించండి."

ఆమె తల ఊపింది. నీళ్ళు ఇచ్చాను. ముట్టుకోలేదు. స్వెట్టరు అంచు దారం లాగుతూ కూర్చుంది. మా ఇద్దరి మధ్యా ఆ మందపాటి అద్దం. ఆమెకు ఇలా కావడానికి సగం కారణం మా ఇంటి మనిషి, మిగతా సగం నేను. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేను కంప్యూటర్ తెర వైపు చూస్తూ ఏదో టైపు చేస్తున్నట్టు వేళ్ళు కదిపాను.

ఎంతసేపో తెలియదు. లోపలి తలుపు తీసుకుని సార్జెంట్ వచ్చాడు. అతని ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"పదకొండు మందితో నడుస్తోంది. నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. ఇంటికెళ్ళు."

ఆమె లేవలేదు. ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత కర్ర ఎక్కడుందో కనబడక వెతుక్కుంది. పక్కనే ఉంది. సార్జెంట్ అందించాడు. ఆమె వెళ్ళాక నా వైపు తిరిగి, "మీ ఆంటీ ఆ పదకొండు మందిలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదట," అన్నాడు. "అందరూ అదే రాశారు."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అంకుల్ ఇంకా క్లినిక్‌లోనే ఉన్నారు. ఆంటీ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. బయటికి వెళ్ళే కోటు ఇంకా విప్పలేదు. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఆ పిల్ల మళ్ళ చెప్పాల్నా?" అంది నన్ను చూడగానే.

జడ్జి అందరి ముందూ చెప్పిన విషయమే కనుక చెప్పవచ్చు. "అక్కర్లేదాంటీ. పదకొండు మందితో నడుస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ బల్ల మీద చాచి పెట్టింది. మధ్యాహ్నం నుంచి అలాగే కూర్చుని ఉందని అప్పుడు అర్థమైంది.

"నేను చెడగొట్టిన్నేమో అనుకున్న," అంది. కళ్ళు తెరిచి, "నాతోని ఒక్క మాట అనొద్దా బిడ్డా? నేనే వొయ్యి జడ్జికి చెప్పుకుంటుంటి గద. నిన్ను అక్కడ నిలవెట్టకపోదురు."

"మీతో మాట్లాడకూడదు ఆంటీ. మీరు జ్యూరర్."

"జ్యూరర్నే. గా పొద్దుగాల నీకు ఇడ్లీ పెట్టింది గూడ ఆ జ్యూరరే."

కోటు గుండీ ఒకటి విప్పుకుంటూ అడిగాను, "లోపల మీరు ఎవరికీ చెప్పలేదట. ఎందుకని?"

విచిత్రమైన ప్రశ్న విన్నట్టు చూసింది. "ఏమని చెప్పాలె? అన్నం పెట్టిన అనా? ఒకరికి పెట్టి, వొయ్యి పది మందిల చెప్పుకుంటరా ఎవరన్న? సిగ్గుండదా?"

లేచి కోటు విప్పి తలుపు వెనక తగిలించింది. ఫ్రిజ్ తెరిచి లోపల చూస్తూ నిలబడింది.

"రేపు గూడ ఆమె వస్తది గద," అంది అటు తిరిగే. "ఇప్పుడు నేను జ్యూరర్ను గాదు. నాకు ఏ రూల్ లేదు. కొంచెం పప్పన్నం పట్టుకపోతె?"

రేపటి మధ్యాహ్నం కళ్ళకు కట్టింది. వరండా, ఆ బెంచీ, విరామంలో బయటికొచ్చే పదకొండు మందీ, వాళ్ళ మధ్య నుంచి డబ్బా పట్టుకుని నడిచే ఆంటీ. ఆ అమ్మాయి గోడకానించిన కర్ర కోసం మళ్ళీ వెతుక్కోవడం.

"వద్దాంటీ," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను అంత గట్టిగా అన్నానని అప్పుడు తెలిసింది.

"ఆ పదకొండు మందీ చూస్తారు. తీర్పు అయ్యేదాకా ఆ వీధిలోకే రావద్దు."

ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది, చలి కాళ్ళకు తగులుతోంది.

"మరి ఆమె ఏం తింటది?" అంది.

"తెలియదు ఆంటీ," అన్నాను.